నైరుతి గుంత బదిలీ

ఆకాశంలోంచి రాయి పడటం పెద్ద విశేషమేమీ కాదు. పడేవి రోజూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటాయట. సముద్రంలో పడతాయి, అడవుల్లో పడతాయి, ఎవరికీ చెప్పకుండా పడి ఎవరి జోలికీ పోకుండా అక్కడే ఉండిపోతాయి. మా విశ్వవిద్యాలయంలో పడ్డ రాయి చేసిన తప్పల్లా ఒక్కటే. అది నైరుతిలో పడింది.

ఈ మాట చెబితే నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోండి, నాకేం పోయింది? నేను రిజిస్ట్రారు ఆఫీసులో బదిలీల సెక్షను సూపరింటెండెంటుని. బదిలీ అయినవాడు ఏడుస్తాడు, తప్పించుకున్నవాడు నవ్వుతాడు, ఇద్దరి కాగితాలూ నా టేబుల్ మీంచే పోతాయి. అందుకని ఏడుపుకీ నవ్వుకీ చలించే రకాన్ని కాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

ఎండాకాలం, అందరం క్యారియర్లు విప్పుకుని కూర్చున్న వేళ. ఢామ్మని శబ్దమొచ్చి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా చుట్టుపక్కల కొండల్లో క్వారీలు ఎక్కువ, రోజూ పేలుస్తూనే ఉంటారు. ఎవరో మందు కాస్త ఎక్కువ దట్టించారనుకుని మజ్జిగన్నం కలుపుకున్నాం. కాసేపటికి వాచ్‌మన్ రొప్పుతూ వచ్చి సైకిల్ షెడ్డు వెనక, తుమ్మచెట్ల దగ్గర నేల పగిలిందని, అంతెత్తున దుమ్ము లేస్తోందని చెప్పాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళాం.

మాకంటే ముందే అక్కడ ఒక మనిషి ఉంది. జియాలజీలో అకడమిక్ కన్సల్టెంటు, డాక్టర్ నాగవేణి. అకడమిక్ కన్సల్టెంటు అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. ఏడాది చివర తీసేసి, మళ్ళీ ఏడాది మొదట్లో దయతలచి పెట్టుకునే తాత్కాలిక పంతులమ్మ. చంద్రుడి మీద, అంగారకుడి మీద ఉల్కలు పడి ఏర్పడ్డ గుంతల గురించి ఆమె పరిశోధన. పొద్దస్తమానం ఆ ఫొటోలు ముందేసుకుని స్కేలు పెట్టి కొలుస్తూ ఉంటుంది. పిల్లలు ఆమెను గుంతల మేడమ్ అంటారు. ఆ గుంతల మేడమ్ అప్పుడు నిజం గుంత ఒడ్డున గొంతుక్కూర్చుని ఏడుస్తోంది. దెబ్బగాని తగిలిందేమోనని కంగారుపడి దగ్గరికి వెళ్ళాను.

“దెబ్బేం లేదు సార్,” అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “ఇన్నేళ్ళూ ఫొటోల్లోనే చూసినా. ఇది నిజంది.”

ఎద్దులబండి పట్టేంత వెడల్పు. మనిషి దిగితే రొమ్ము దాకా వచ్చేంత లోతు. చుట్టూ గుండ్రంగా గట్టు లేచి ఉంది. ఆ గట్టు చూపించి ఆమె నాకు అక్కడికక్కడే ఒక క్లాసు చెప్పింది. మా నేలలో పైన ఎర్రమట్టి, కింద తెల్లసుద్ద. గట్టు మీద మాత్రం తెల్లసుద్ద పైకొచ్చి ఎర్రమట్టి కిందికి పోయింది. రాయి పడ్డ ఊపుకి నేల దుప్పటి అంచులాగా బయటికి తిరగబడిందట. చందమామ మీదైనా ఇంతేనట, కొలతే తేడా. అక్కడ గాలీ వానా లేవు కాబట్టి గుంతలు కోట్ల ఏళ్ళు అట్లాగే ఉంటాయి, మన దగ్గర ఒక్క వానాకాలం చాలు పూడిపోవడానికి అంది. ఇంత గుంత పెట్టిందంటే రాయి ఇనుపది అయ్యుండాలి, అది ఇంకా అడుగున మట్టిలో దిగబడి ఉంది, వానలు రాకముందే బయటికి తియ్యకపోతే తుప్పు పట్టి పాడైపోతుంది అని కూడా అంది. ఇంతకీ ఆమెకు కావలసింది తవ్వుకోవడానికి అనుమతి. ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టింది.

దరఖాస్తు వీసీ గారి దగ్గరికి పోయింది. మా వీసీ ఆచార్య విరూపాక్షయ్య గారు వాణిజ్యశాస్త్రంలో దిట్ట. ఆగస్టుతో ఆయన పదవీకాలం అయిపోతుంది. మా యూనివర్సిటీలో ఏ వీసీకీ రెండో విడత దక్కలేదు. ఆ రికార్డు తాను బద్దలుకొట్టాలని ఆయన పట్టుదల. అందుకోసం చెయ్యని పని లేదు. మెయిన్ గేటు మార్పించారు, తన కుర్చీ దిక్కు మార్పించారు, లైబ్రరీ మెట్లు బేసి సంఖ్య ఉండాలని పైమెట్టు కొట్టించేశారు. ఇప్పటికీ లైబ్రరీకి వెళ్ళేవాళ్ళు గుమ్మం దగ్గర ఎగిరి కాలు పెడతారు. ఈ పనులన్నింటికీ సలహా చెన్నకేశవులు గారిది. ఆయన నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరై, కాలవలు వదిలేసి వాస్తు పట్టుకున్నారు. మా దగ్గర గౌరవ వాస్తు సలహాదారు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి గుంతను పరిశీలించారు. నేనూ, ఎస్టేటు ఇంజనీరు ఓబులేసూ వెనక నిలబడ్డాం. చెన్నకేశవులు గారు ఫోన్లో దిక్సూచి తెరిచి గుంత అడుగుకు పట్టారు. ముల్లు ఒకచోట నిలవదు. ఇటు కొట్టుకుంటుంది, అటు కొట్టుకుంటుంది. ఆయన ముఖం గంభీరమైపోయింది. ఎన్నో స్థలాలు చూశానని, దిక్సూచే వణికిపోయేంత ఉగ్రమైన దోషం మాత్రం ఇదే మొదటిసారి అని సెలవిచ్చారు.

నాగవేణి పక్కనే ఉంది. కింద ఇనుము ఉంటే ముల్లు కదలడం సహజమేనని ఏదో చెప్పబోయింది.

“డాక్టర్ గారూ, దయచేసి శాస్త్రం మాట్లాడేటప్పుడు మధ్యలో రాకండి,” అన్నారు వీసీ గారు.

నైరుతిలో గుంత ఉంటే ఏమవుతుందో చెన్నకేశవులు గారు వివరించారు. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. అక్కడ పల్లం పడిందంటే యజమానికి స్థానచలనం తప్పదు. యజమాని అంటే ఎవరని వీసీ గారు నెమ్మదిగా అడిగారు. ప్రభుత్వం అనుకోవచ్చా అని కూడా అడిగారు. కుర్చీలో కూర్చున్నవారే యజమాని అని జవాబొచ్చింది. వీసీ గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. అయితే భయపడాల్సిన పని లేదట. ఇదే గుంత ఈశాన్యంలో ఉంటే మహా యోగం. పదవి మీద పదవి.

వీసీ గారు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. “అంటే గుంతలో తప్పు లేదు. పోస్టింగులో తప్పుంది,” అన్నారు. అని, వెనక్కి తిరిగి నావైపు చూశారు.

ఓబులేసు మంచి ఇంజనీరే కానీ ఆఫీసు పద్ధతులు తెలియవు. నా సీటు దగ్గరికొచ్చి తల పట్టుకున్నాడు.

“గుంతంటే లేని మన్నే గదన్నా. లేనిదాన్ని యాడికి మోసేది?” అన్నాడు.

అతనికి ఓపిగ్గా చెప్పాల్సొచ్చింది. గత ఏడాది సంస్కృతంలో ఒక ఖాళీ పోస్టును తీసి కంప్యూటర్లకు మార్చాం. ఖాళీ అంటే ఏమిటి? అక్కడ మనిషి లేడు, ఇక్కడా మనిషి లేడు. అయినా మారింది. సంస్కృతం వాళ్ళు పోయిందని ఏడ్చారు, కంప్యూటర్ల వాళ్ళు వచ్చిందని స్వీట్లు పంచారు. లేనిదాన్ని కదపడం మాకు కొత్త కాదు. అసలు ఉన్నవాళ్ళని కదపడమే కష్టం. అక్కడ రిలీవ్ చెయ్యాలి, ఇక్కడ జాయిన్ చేసుకోవాలి. అంటే అక్కడ పూడ్చాలి, ఇక్కడ తవ్వాలి. ఓబులేసు నా ముఖం వంక చూసి, మీరు సామాన్యులు కాదన్నా అని వెళ్ళిపోయాడు. పొగడ్తే అనుకుంటున్నాను.

ఉత్తర్వు నేనే రాశాను, గొప్పలు చెప్పుకోవడం కాదుగానీ బాగానే కుదిరింది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా సదరు గుంతను నైరుతి నుంచి ఈశాన్యానికి బదిలీ చేయడమైనదనీ, లోతు వెడల్పులలో ఎట్టి మార్పూ లేకుండా పాత హోదాలోనే కొనసాగుననీ, పైరవీలు చేసినచో తీవ్రంగా పరిగణించబడుననీ పెట్టాను. ఆ చివరి వాక్యం అన్ని బదిలీల్లోనూ ఉంటుంది, తీసేస్తే ఉత్తర్వు బోడిగా ఉంటుంది.

పైరవీ చేసింది నాగవేణి ఒక్కతే. తన దరఖాస్తు సంగతి ఏమైందని వీసీ గారి ఛాంబరు ముందు నిలబడింది. నేను ఫైలు పట్టుకుని లోపలే ఉన్నాను. నైరుతిలో ఉన్న గుంత చాలదని ఇంకా లోతు తవ్వుతారా అని వీసీ గారు ఆశ్చర్యపోయారు. పోనీ రాయి తీసుకున్నాకే పూడ్పించండని ఆమె బతిమాలింది. గాలీ వానా ఎట్లాగూ పూడ్చేస్తాయని మీరే దరఖాస్తులో రాశారుగా, ప్రకృతి చేసే పనిని యూనివర్సిటీ చేస్తే తప్పేమిటని ఆయన అడిగారు.  ఆమె ఏం చెప్పినా ఎవరు వింటారు?

పూడ్చే రోజున ఆమె వెళ్ళి గుంతలో నిలబడింది. జేసీబీ ఆగిపోయింది. చుట్టూ పిల్లలు చేరారు. ఓబులేసు ఒడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు.

“మేడమ్, బయటికి రాండి. మీకేమైనా అయితే నన్ను పీకి పారేస్తారు. నాకిద్దరు ఆడపిల్లలు,” అన్నాడు.

 ఆ మాటకి ఆమె చెయ్యి అందించమని అడిగి పైకొచ్చింది. ఆమె మంచితనమే ఆమె కొంప ముంచిందని నాకు అప్పుడే అనిపించింది.

ఆ పొద్దున్నే నైరుతిలో రిలీవింగ్ సజావుగా జరిగింది. మధ్యాహ్నం ఈశాన్యంలో జాయినింగ్ జరగాల్సింది. జేసీబీకి ఏదో పైపు పగిలి నూనంతా కారిపోయింది. మెకానిక్ తాడిపత్రి నుంచి రావాలన్నారు. కాబట్టి ఆ రోజుకి మా దగ్గర ఏ దిక్కునా గుంత లేదు.

సరిగ్గా అప్పుడే దిగబడ్డారు డాక్టర్ రంగమన్నారు గారు. ఏదో జాతీయ ప్రయోగశాలలో ఉల్కల మీద పెద్ద పేరున్న మనిషి. నాగవేణి రాసిన మెయిల్ చూసి రైలెక్కి వచ్చేశారు. తలంతా తెల్లబడింది, భుజాన చిన్న సంచీ, చేతిలో సుత్తి. ఆయన్ని రిసీవ్ చేసుకోమని నన్ను పంపారు. గెస్ట్‌హౌస్‌లో కాళ్ళు కూడా కడుక్కోకుండా క్రేటర్ ఎక్కడండీ అని అడిగారు.

“ప్రస్తుతం ప్రయాణంలో ఉందండి. రేపు జాయినవుతుంది,” అన్నాను.

ఆయన నా వంక అదోలా చూసి మంచినీళ్ళు అడిగారు. రైలు ప్రయాణం బడలిక కాబోలు.

మర్నాడు ఈశాన్యంలో గుంత విధుల్లో చేరింది. ఓబులేసు మనసు పెట్టి చేశాడు. గట్టుకు సున్నం పట్టీ వేయించాడు, దిగడానికి ఐదు మెట్లు కట్టించాడు, చుట్టూ బంతి మొక్కలు పెట్టించాడు. వీసీ గారు రిబ్బను కత్తిరించారు. చెన్నకేశవులు గారు దిక్సూచి పట్టారు. ముల్లు కదలకుండా నిలబడింది. చూశారా ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు.

రంగమన్నారు గారు గుంతలోకి దిగారు. గోడ మీద చెయ్యేసి నిమిరారు. పక్కకి జరిగి ఇంకోచోట నిమిరారు. ఆపైన తలెత్తి నాగవేణిని చూశారు.

“అమ్మా, ఈ ఉల్కకి పళ్ళున్నాయా?” అన్నారు.

జేసీబీ బొచ్చె పళ్ళ గీతలు గోడ పొడుగునా ఉన్నాయి. నాగవేణి తల దించుకుంది. వీసీ గారు ముందుకొచ్చి, సాంకేతికంగా ఇది ఆ గుంతేనని, ఉత్తర్వు కాపీ ఇప్పించగలనని చెప్పారు. ఆయన ఆ మాట విన్నట్టు లేరు. నాగవేణిని పక్కకు తీసుకెళ్ళి మాట్లాడారు. నేను టీ కప్పులు పట్టుకుని వెనకే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన నమ్మాలనే అనుకున్నారు పాపం, కానీ అట్లాంటి సంగతి నమ్మడం పరాయివాళ్ళకి కష్టం.

“రాయి చూపించమ్మా,” అన్నారు. “రాయి ఉంటే గుంత ఎటు పోయినా నాకు పట్టింపు లేదు. లేకపోతే నువ్వే తవ్వించి నన్ను పిలిచావని రాయాల్సొస్తుంది. అట్లా రాస్తే ఇంక నీ మాట ఎవరూ వినరు.”

వానలొచ్చేదాకా ఏమీ రాయకుండా ఆగుతానని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు నాగవేణికి మెమో ఇచ్చాం. అది కూడా నేనే రాశాను. రాస్తుంటే చెయ్యి సాగలేదు, అది వేరే సంగతి.

ఇటుపక్క వీసీ గారికి కొత్త ఉత్సాహం పుట్టింది. ఒక్క గుంతను సరైన దిక్కుకు మార్చినందుకే మనసు ఇంత తేలికపడితే, మిగతా గ్రహాల సంగతేమిటని. పది రోజులు తిరక్కుండా ‘గ్రహ వాస్తు’ అని సర్టిఫికెట్ కోర్సు మొదలైంది. జనం విరగబడి చేరారు. రియల్ ఎస్టేటు వాళ్ళు, సివిల్ ఇంజనీర్లు, ఇద్దరు దంత వైద్యులు. ప్రారంభోపన్యాసం చెన్నకేశవులు గారిది. బొమ్మలు చూపించే పని నాగవేణికి వేశారు, ఆ ఫొటోలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి కాబట్టి.

తెర మీద చందమామ వచ్చింది. చెన్నకేశవులు గారు కర్ర పట్టుకుని నిలబడ్డారు. చంద్రుడికి దక్షిణపు కొసన, మనకు కనపడని వైపున, అన్నిటికన్నా పెద్ద గుంత ఉందట. దక్షిణం అంత పల్లమైతే ఇంకేమన్నా ఉందా, అందుకే అక్కడ గాలి లేదు, చెరువు లేదు, ఒక్క సంసారం నిలవలేదు అన్నారు. హాల్లో అందరూ రాసుకున్నారు. తరవాత కర్ర వాయవ్యం మీద పెట్టారు. అక్కడ కూడా మహా పెద్ద పల్లం. వాయవ్యం దెబ్బతింటే నిలకడ ఉండదు. “అందుకే చూడండి, సగం నెల పెరుగుతాడు, సగం నెల తరుగుతాడు,” అన్నారు. చప్పట్లు మారుమోగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను. అంత చక్కగా అమరిన వాదన నేను ఎక్కడా వినలేదు.

చివర్లో ఇల్లు కట్టేముందు భూమిని ఎలా శుద్ధి చెయ్యాలో చెప్పారు. మా నైరుతిలో, గుంత పూడ్చినచోట, బరువు కోసం పెద్ద వాటర్ ట్యాంకు కట్టాలని అప్పటికే నిర్ణయమైపోయింది. పునాదికి ముహూర్తం కూడా పెట్టేశారు. పునాది వెయ్యబోయే నేలలో ఎముకలు, బొగ్గులు, ఇనుము లాంటివి పాతుకుపోయి ఉంటే దాన్ని శల్యం అంటారట. శల్యం తియ్యకుండా పైన కట్టడం కడితే ఆ బరువంతా యజమాని నెత్తిమీదే.

చీకటి హాల్లో ప్రొజెక్టర్ పక్కనుంచి నాగవేణి లేచి నిలబడింది. విద్యార్థినిలాగా చేతులు కట్టుకుంది.

“సార్, నాదొక సందేహం. ఆకాశం నుంచి పడిన ఇనుము కూడా శల్యమే అయితాదా?” అని అడిగింది.

చెన్నకేశవులు గారు కర్ర బల్లమీద పెట్టారు. భూమిలో పుట్టిన ఇనుమే అంత చెరుపైతే, పైనుంచి వచ్చి దూరింది ఇంకెంత చెరుపో ఊహించుకోమన్నారు. అలాంటిది నైరుతిలో ఉంటే ఎలా ఉంటుందని ఆమె మళ్ళీ అడిగింది. ఆయన జవాబు చెప్పబోయి ఆగారు. ముందు వరసలో కూర్చున్న వీసీ గారు మెల్లగా లేచారు.

ఉపన్యాసం అక్కడితో ఆగింది. హాలంతా నైరుతికి నడిచింది. చెన్నకేశవులు గారు పూడ్చిన మట్టి మీద ఫోను పట్టారు. ముల్లు గిలగిలా కొట్టుకుంది. అప్పుడు దోషం అనుకున్నాను గానీ ఇది శల్యమే, సందేహం లేదన్నారు. నేను నాగవేణి ముఖం చూశాను. సైన్సుగా చెప్పినప్పుడు ఎవరూ వినని మాటనే ఆమె ఇప్పుడు మళ్ళీ చెప్పింది. ఈసారి వీసీ గారే జేసీబీ పిలవమని కేకేశారు. అనుమతి, అంచనా, ఆమోదం, ఏదీ అక్కర్లేదన్నారు. నా సర్వీసులో కాగితం లేకుండా జరిగిన పని అదొక్కటే.

ఓబులేసు పూడ్చిన మట్టి తీయించాడు. అసలు నేల వచ్చాక నాగవేణి యంత్రాన్ని ఆపించింది. శల్యానికి గీత పడకూడదంది. చెన్నకేశవులు గారు అవునన్నట్టు తలూపారు. ఆపైన గడ్డపారలతో తవ్వారు. నడుములోతు దిగాక ఠంగుమంది. ఆమె చీర కుచ్చెళ్ళు బిగించి కిందికి దిగి చేతులతో మట్టి తోడింది.

నల్లగా ఉంది. గొర్రెపిల్ల పడుకున్నంత ఉంది. ఒంటినిండా బొటనవేళ్ళతో నొక్కినట్టు గుంటలు. ఇద్దరు మనుషులు కలిసి అతికష్టం మీద పైకి లేపారు.  నాగవేణి పైటకొంగుతో దాని మీది మట్టి తుడుస్తూ కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలో అడుగు వెనక్కి వేశారు.

ఇప్పుడు దీన్నేం చెయ్యాలని వీసీ గారు అడిగారు. పొద్దుగూకేలోపు ఆవరణ దాటించాలన్నారు చెన్నకేశవులు గారు. దాటించినవాళ్ళు మళ్ళీ ఈ గేటులో అడుగు పెట్టకూడదని కూడా అన్నారు. వీసీ గారు చుట్టూ చూశారు. పర్మనెంటు వాళ్ళందరం ఒక్కసారిగా చెట్లవైపు చూశాం. ఓబులేసు చెప్పులో రాయి దూరినట్టు వంగి చూసుకున్నాడు.

“నేను తీసుకుపోతా సార్,” అంది నాగవేణి.

వీసీ గారు మొదటిసారిగా ఆమెను చల్లని చూపు చూశారు. త్యాగం అన్నారు, సంస్థ గుర్తుంచుకుంటుందన్నారు. నన్ను పరుగెత్తించారు. నేను వెళ్ళి ఆమె సేవలు తక్షణమే ముగిసినవని టైపు చేయించి తెచ్చాను. సంతకం పెట్టేటప్పుడు ఆమె చేతులు మట్టితో ఉన్నాయి, కాగితం మీద వేలిముద్రలు పడ్డాయి. గేటు దగ్గర ఆటో సిద్ధంగా ఉంది. వెనక సీట్లో గోనెపట్టా మెత్తగా పరిచి ఉంది. ఆమె ఆటో ఎప్పుడు పిలిపించిందో నేను అడగలేదు. ఓబులేసు, ఆటో అతనూ కలిసి రాయిని ఎక్కించారు. ఆమె దాని పక్కన కూర్చుని, జారకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంత సంతోషంగా రిలీవ్ అయిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. గేటు వేసి వెనక్కి వచ్చి, వేలిముద్రలు పడ్డ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాను.

మిగతా కథ చప్పున చెప్పేస్తాను. ట్యాంకు కట్టారు. పూడ్చిన మట్టి కదా, మొదటి వానకే ఒక కాలు దిగి పక్కకు ఒరిగింది. నీళ్ళు పోస్తే పడిపోతుందన్నారు, పొయ్యకపోతే బరువు చాలదన్నారు. ఆగస్టు వచ్చింది. వీసీ గారికి పొడిగింపు రాలేదు. కొత్త వీసీ గారు వస్తూ వస్తూ తన వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకు వచ్చారు. ఆయనది వేరే సంప్రదాయం. ఈశాన్యంలో గుండ్రటి గుంత పనికిరాదు, ఉత్తరానికి పంపాలన్నారు. ఉత్తర్వు మళ్ళీ నేనే రాశాను. ఈసారి పేర్లు, దిక్కులు మార్చుకుంటే సరిపోయింది.

అప్పుడే పేపర్లో పడింది. ఆ రాయి అరుదైన ఇనుప ఉల్క అని రంగమన్నారు గారి ప్రయోగశాల తేల్చింది. ఉల్కలకు దొరికిన చోటి ఊరి పేరు పెడతారట. మా యూనివర్సిటీ రికార్డుల్లో ఉల్క ఎక్కడా లేదు, ఉన్నది శల్యం. అందుకని మా గేటు బయటి పల్లె పేరు పెట్టారు. ఆ పల్లె ఎక్కడుందో కూడా మా వాళ్ళలో సగం మందికి తెలియదు. కొత్త వీసీ గారు పేపరు బల్లమీద కొట్టి, మన గుంత మన దగ్గరుండగా రాయి బయటుండటం ఏమిటని అడిగారు. వెళ్ళి మేడమ్‌నీ రాయినీ సగౌరవంగా తీసుకురమ్మని నన్ను పంపారు.

నాగవేణి ఆ పల్లెలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంది. నేను వెళ్ళేసరికి పెట్టెలు సర్దుతోంది. రంగమన్నారు గారు తమ దగ్గరే పరిశోధనకు రమ్మన్నారట. పరీక్షకు ఒక ముక్క మాత్రం కోసుకెళ్ళారు. వచ్చే వారం వ్యాను పంపుతామన్నారు, రాయితో కలిసే ఆమె వెళుతుంది. టీ పెట్టిచ్చింది. మెమో రాసింది నేనేనని తెలిసి కూడా అందులో రెండు చెంచాల చక్కెర వేసింది. రాయి గది మూల పాత దుప్పటి మీద ఉంది. ముట్టుకోవచ్చా అని అడిగాను. చల్లగా ఉంది. నా బొటనవేలు ఒక గుంటలో సరిగ్గా పట్టింది. అంత దూరం నుంచి వచ్చిన వస్తువును నా జన్మలో ఇంకెప్పుడూ ముట్టుకోలేదు. ఆ మాట పైకి కూడా అన్నాను.

తరవాత వచ్చిన పని చెప్పాను. యూనివర్సిటీ ఆమెను మళ్ళీ పెట్టుకుంటుందని, రాయిని దాని గుంతలోనే గౌరవంగా ప్రతిష్ఠిస్తారని. ఆమె చీర మడత పెడుతూ శ్రద్ధగా వింది.

“ఏ దిక్కు గుంతలో పెడతారు సార్?” అంది.

నేను చేతిలోని ఫైలు తెరిచి చూశాను. ఈశాన్యంలో రిలీవ్ అయింది, ఉత్తరంలో ఇంకా జాయిన్ కాలేదు.

“ప్రస్తుతం ప్రయాణంలో ఉందమ్మా,” అన్నాను.

“అట్లయితే ఈ వారం దీన్ని ఇక్కడే ఉండనీండి సార్,” అంది ముఖంలో ఏ భావమూ లేకుండా. “బరువు నైరుతిలోనే ఉండాల గదా.”

నేను లేచి గుమ్మం చూసుకున్నాను, కిటికీలో ఎండ ఎటునుంచి పడుతోందో చూసుకున్నాను. నిజమే. రాయి ఉన్నది నైరుతి మూలే. వేలెత్తి చూపడానికేం లేదు. టీ తాగేసి ఆఫీసుకొచ్చి ఫైల్లో నోటు రాశాను. సదరు రాయి నియమానుసారం సరైన స్థానంలోనే ఉన్నది, బదిలీ అవసరం లేదు అని.